తల్లిదండ్రులకు లేని జబ్బు బిడ్డకెలా వచ్చింది?

"మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. మా పెద్దవాళ్ళలోనూ ఎవరికీ లేదు. మరి మా బిడ్డకెలా వచ్చింది డాక్టరుగారూ?"

బిడ్డకు తలసేమియా ఉందని తెలిసిన రోజున తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇది. చాలా ఇళ్ళలో దీనికి జవాబు కోడలి మీద నిందగా మారుతుంది. "గ్రహణంలో బయట తిరిగింది", "కడుపుతో ఉండగా సరిగా తినలేదు" అంటారు. ఇవేవీ కారణాలు కావు. అసలు కారణం ఏమిటో తెలుసుకుందాం.

జన్యువులు అంటే ఏమిటి?

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తుంది. వీటిపై ఉండే జన్యువుల ద్వారానే కంటి రంగు, రక్తపు గ్రూపు వంటి లక్షణాలు మనకు సంక్రమిస్తాయి.

జన్యువులు కూడా జతలుగానే పనిచేస్తాయి. చాలాసార్లు జతలో ఒకదానికి లోపమున్నా రెండవది పని నడిపిస్తుంది. అప్పుడు లోపం పైకి కనిపించదు, కానీ పిల్లలకు అందే అవకాశం ఉంటుంది. ఇలా దాగి ఉండే లక్షణాల సంగతిని గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కలను పెంచి కనుగొని, 1866లో ప్రచురించారు.

తలసేమియా ఎలా సంక్రమిస్తుంది?

రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీకి బీటా గ్లోబిన్ అనే జన్యువు అవసరం. దాని జతలో ఒకదానికే లోపం ఉన్నవారిని వాహకులు అంటారు. వీరికి కొద్దిపాటి రక్తహీనత ఉండవచ్చు, అంతే. అందరిలాగే జీవిస్తారు.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ఏమవుతుంది? తల్లి దగ్గర రెండు చీటీలు, తండ్రి దగ్గర రెండు చీటీలు ఉన్నాయనుకోండి. ఇద్దరి దగ్గరా ఒకటి మంచిది, ఒకటి లోపమున్నది. బిడ్డ ఇద్దరి నుండీ ఒక్కొక్క చీటీ తీసుకుంటుంది.

• రెండూ మంచివే వచ్చే అవకాశం 25 శాతం.
• ఒకటి మంచిది, ఒకటి లోపమున్నది వచ్చే అవకాశం 50 శాతం. ఈ బిడ్డ వాహకుడు లేదా వాహకురాలు అవుతుంది.
• రెండూ లోపమున్నవే వచ్చే అవకాశం 25 శాతం. ఈ బిడ్డకే తలసేమియా మేజర్ వస్తుంది.

"ఒకరికి వచ్చింది కదా, ఇక మిగతావారికి రాదు" అనుకోకండి. ప్రతి కాన్పుకూ చీటీలు మళ్ళీ మొదటి నుండి వేసినట్లే.

మేనరికంలో దంపతులిద్దరికీ ఒకే తాత లేదా అవ్వ నుండి ఒకే లోపం వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అయితే బయటి సంబంధమైనా, ఇద్దరూ వాహకులైతే ప్రమాదం అంతే.

చికిత్స

సాధారణంగా 6 నెలల నుండి 2 సంవత్సరాల లోపు బిడ్డ పాలిపోవడం, బరువు పెరగకపోవడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తాయి. జీవితాంతం 2 నుండి 4 వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దీనివల్ల గుండె, కాలేయాలలో ఇనుము పేరుకుంటుంది. దాన్ని తొలగించే మందులు ఒక్కరోజు కూడా సొంతంగా మానకూడదు. సరిపోయే దాత దొరికితే ఎముక మజ్జ మార్పిడితో జబ్బు నయం కావచ్చు.

మీరు చేయవలసినవి

1. బిడ్డ తోబుట్టువులకు, మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు హిమోగ్లోబిన్ ఎ2 రక్తపరీక్ష చేయించండి. పెళ్ళికి ముందే చేయించడం మంచిది.
2. మరొక బిడ్డ కావాలనుకుంటే ముందుగానే డాక్టరును కలవండి. గర్భంలోని శిశువుకు సుమారు 11వ వారం నుండి పరీక్ష చేసే వీలుంది.
3. రక్తం తక్కువగా ఉందని డాక్టరు సలహా లేకుండా బిడ్డకు ఐరన్ టానిక్కులు ఇవ్వకండి.
4. వాహకురాలని తేలిన అమ్మాయి పెళ్ళి ఆపకండి. హిమోగ్లోబిన్ లోపమేదీ లేని వ్యక్తిని చేసుకుంటే ఆమె పిల్లలకు తలసేమియా మేజర్ రాదు.

తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి చేరితేనే ఈ జబ్బు వస్తుంది. ఏ చీటీ ఇవ్వాలో ఎంచుకునే వీలు ఇద్దరికీ లేదు. కాబట్టి కోడలినీ నిందించకండి, కొడుకునూ నిందించకండి. రక్తం ఎక్కించే రోజున బిడ్డతోపాటు ఆ తల్లికీ తోడుగా రండి.