ఇంటి కప్పు పెచ్చులూడుతుంటే

మన గ్రామాలలోని స్లాబు ఇళ్ళకు వయస్సు మీద పడింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత తీర గ్రామాలలో తాటాకు కప్పును నమ్ముకొనే ధైర్యం చాలామందికి పోయింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో, కాలనీ ఇల్లయినా సొంత కష్టార్జితమయినా, "పైన స్లాబు పడితే చాలు" అన్నదే ప్రతి ఇంటి యజమాని కోరికగా ఉండేది. ఆనాడు పోసిన ఆ స్లాబులే ఈనాడు అడుగు భాగంలో ఉబ్బి, పగిలి, పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నాయి. ఇళ్ళకు వెళ్ళినప్పుడు, ప్రార్థనకు కళ్ళు మూసుకొనే ముందు ఒకసారి పైకి చూడడం మాకు అలవాటయింది.

చాలా ఇళ్ళలో ఒకే మాట వింటున్నాము. "పూత ఊడిందండీ, మేస్త్రి చేత మళ్ళీ పూయిస్తాము." ఈ మాటలోనే ప్రమాదం ఉన్నది. ఊడినది పూత మాత్రమే అయితే భయం లేదు. కాని ఊడిన చోట ఎర్రగా తుప్పు పట్టిన చువ్వ కనబడుతున్నదంటే అది పూతకు వచ్చిన జబ్బు కాదు. స్లాబు లోపలి ఇనుముకు వచ్చిన జబ్బు. దాని మీద కొత్త సిమెంటు మెత్తడం, పుండు మీద పసుపు రాసి గుడ్డ కప్పినట్లే ఉంటుంది.

లోపల ఏమి జరుగుతున్నదో తెలిస్తే మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. సిమెంటుకు సున్నం వంటి క్షార గుణం ఉన్నది. ఆ గుణం ఉన్నంతకాలం లోపలి ఇనుప చువ్వకు తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి కాంక్రీటులోనికి కొంచెం కొంచెంగా చొచ్చుకొని పోయి ఆ గుణాన్ని చంపుతుంది. ఉప్పు అయితే అంతకాలం కూడా ఆగదు. తరువాత పై నుండి వాన నీరు దిగితే చాలు, చువ్వ తుప్పు పట్టడం మొదలవుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు మొదట తానున్న చోటుకు రెండు మొదలు ఆరు రెట్ల వరకు చోటు కావలసి వస్తుంది. రాయి వంటి కాంక్రీటు మధ్య ఆ చోటు ఎక్కడ నుండి వస్తుంది? కింది పొరను నెట్టివేసి తెచ్చుకొంటుంది. ఆ నెట్టివేయబడిన పొరనే మనం పెచ్చు అంటున్నాము.

చువ్వకు కింద ఎంత మందం కాంక్రీటు ఉన్నది అన్నది ఇక్కడ ముఖ్యం. 2000 సంవత్సరపు భారత ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం సాధారణ పరిస్థితులలో కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 45 ఉండాలి. స్లాబు పోసేటప్పుడు చువ్వల కింద సిమెంటు బిళ్ళలు పెట్టేది అందుకే. బిళ్ళకు బదులు కంకర రాయి పెట్టిన ఇళ్ళు, అదీ పెట్టకుండా చువ్వను సెంట్రింగు రేకు మీదే ఆనించి పోసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇక నీరు. చువ్వలు వేసిన కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే నియమం. కోస్తా గ్రామాలలో నోట పోసుకోలేని ఉప్పు నీటితో, ఏటి ముఖద్వారం దగ్గర తెచ్చిన ఇసుకతో పోసిన స్లాబులు పదిహేను ఏళ్ళకే ముసలివయితే ఆశ్చర్యం లేదు. ఆనాటి కుటుంబాలను తప్పు పట్టవలసిన పని లేదు. మంచి నీళ్ళు బిందెలతో మోసుకొని త్రాగేవారు, స్లాబుకు ఎక్కడ నుండి తెస్తారు?

మరి మన ఇంటి కప్పు ఏ స్థితిలో ఉన్నదో ఎలా తెలుస్తుంది? క్రిస్మస్‌కు సున్నం వేయించే ముందే చూడండి. సున్నం వేశాక అన్ని కప్పులూ ఒకేలా తెల్లగా ఉంటాయి! పైగా వానలు వెనుకబట్టిన ఆ రోజులలోనే తడి మచ్చలు బాగా కనబడతాయి. సాలెగూడు వలె సన్నని బీటలు మాత్రమే ఉంటే అవి చాలావరకు పూతకు సంబంధించినవి. గుండ్రని తడి మచ్చ, దాని అంచున తెల్లని ఉప్పు పొర ఉంటే పై నుండి నీరు దిగుతున్నది. జానెడు జానెడు దూరంలో తిన్నగా సాగే గోధుమ రంగు గీతలు, ఆ గీతల వెంట బీటలు ఉంటే చువ్వలు తుప్పు పడుతున్నాయి. అప్పుడు పొడవాటి కర్రతో, పక్కకు నిలబడి, మెల్లగా తట్టి చూడాలి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాము కదా, ఇదీ అంతే. ఖణేలుమంటే గట్టి. డొల్లగా పలికితే ఆ పెచ్చు అప్పటికే లోపల విడిపోయి, పడే ఘడియ కోసం చూస్తున్నది. ఆ గదిలో నుండి మంచాలు ఆ రోజే తీసివేయాలి.

మేమెరిగిన ఒక తీర గ్రామంలో ఒక కుటుంబం మూడేళ్ళలో మూడుసార్లు ఒకే చోట పూత పెట్టించింది. ప్రతిసారీ వానాకాలం వెళ్ళగానే ఊడింది. ప్రతిసారీ మొదటికంటె పెద్ద ముక్కే ఊడింది. మూడవసారి పడిన ముక్క రోటి పొత్రమంత ఉన్నది. అది పడినది స్లాబు కొక్కానికి కట్టిన ఉయ్యాలలో. ఆ వేళ బిడ్డను నాయనమ్మ వసారాలోకి ఎత్తుకొని వెళ్ళింది గనుక ఉయ్యాల ఖాళీగా ఉన్నది. నాలుగవసారి వచ్చిన మేస్త్రి వయసు మళ్ళినవాడు. తాపీ ముట్టుకోకుండా ముందు నిచ్చెన అడిగాడు. పైకెక్కి చూసి వచ్చి, "అయ్యగారూ, డాబా మీద రెండేళ్ళ నుండి గడ్డివామి ఉందండి. దాని కింద స్లాబు ఎప్పుడూ ఆరలేదు. మీరు కింద ఎన్నిసార్లు పూయించినా ఏం లాభమండి?" అన్నాడు.

కనుక మరమ్మతు పై నుండి మొదలవ్వాలి. డొల్ల పెచ్చులను రాల్చివేయడం, కింద ఊతం పెట్టడం మాత్రం వెంటనే చేసి, మిగిలిన శ్రద్ధంతా మొదట డాబా మీద పెట్టాలి. గడ్డి, పిడకలు, విరిగిన సామాను దించివేయండి. నీళ్ళ ట్యాంకు పొర్లి డాబా మీద పారుతున్నదేమో చూడండి. అనేక ఇళ్ళలో ఏడాది పొడవునా కురిసే వాన అదే. పిట్టగోడ మూలలో మొలిచిన రావి మొక్కను పైపైన విరిచివేస్తే మళ్ళీ చిగురిస్తుంది. బీటను తెరిచి వేరుతో సహా తీసి, ఆ చోటు నింపాలి. స్లాబూ పిట్టగోడా కలిసే మూలను గుండ్రంగా మెత్తించాలి, నీరు ఎక్కువగా దిగేది అక్కడే. పది అడుగులకు అంగుళం పైచిలుకు వాటం ఉంటే నీరు నిలవకుండా గొట్టంలోకి పోతుంది. పూర్వం మన పెద్దలు సున్నం, ఇటుక జల్లి వేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి దిమ్మిస చేయించేవారు. ఆ పని తెలిసినవారు ఇప్పుడు అరుదు. సిమెంటులో నీరు దిగనివ్వని ద్రావకం కలిపి పలుచగా పూయించడం, లేక పలకలు పరిపించడం ఇప్పటి పద్ధతులు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నీరు దిగుతున్నదని ఏటేటా పూత మీద పూత వేయించేవారున్నారు. నూరు చదరపు అడుగుల మీద అంగుళం మందం సిమెంటు పూత సుమారు అర టన్ను బరువు. చువ్వ బలం తగ్గిన స్లాబు మీద మూడు పూతలు వేస్తే ఆ గది మీద టన్నున్నర అదనపు బరువు పెట్టినట్లు. పాత పూత డొల్లయితే దానిని తీసివేసి తరువాతనే కొత్తది వేయాలి. పని బాగా జరిగిందో లేదో చూడడానికి డాబా మీద నీరు నిలగట్టి చూసే అలవాటు ఉన్నది. రెండు అంగుళాల నీరు కూడా నూరు అడుగులకు దాదాపు అర టన్నే. గట్టి స్లాబుకు అది మంచి పరీక్షే గాని, పెచ్చులూడుతున్న స్లాబుకు వద్దు.

పై పని ముగిసి, కొన్ని వారాల ఎండకు స్లాబు ఆరిన తరువాత కింది పని. అందుకే మాఘ ఫాల్గుణాలలో పైన, వైశాఖంలో కింద అని అనుకొంటే వీలుగా ఉంటుంది. డబ్బు ఒక్క పనికే ఉంటే పై పనే చేయించండి. బయటపడిన చువ్వలను గీకి, తుప్పు పట్టనివ్వని రంగు పూయించి ఉంచి, మిగిలినది పంట చేతికి వచ్చాక చూసుకోవచ్చు. ఈలోగా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు.

కింది పనికి ముందు మెయిను ఆపివేయాలి. స్లాబులోని కరెంటు గొట్టాలలోనికి నీరు దిగి ఉండవచ్చు. ఫ్యాను దించివేయాలి. సరుగుడు బాదులు లేక జాకీలు పెట్టి స్లాబును మోయించిన తరువాతనే సుత్తి పట్టాలి. కొట్టేవారు కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వదులుగా ఉన్నది మాత్రమే రాల్చి ఆపకూడదు. చువ్వ వెనుక వేలు దూరేంత సందు వచ్చేవరకు, ఇరు పక్కల తుప్పు లేని ఇనుము కనబడేవరకు కొట్టాలి. గది అంతా ఒక్కసారే కాకుండా భాగాలుగా చేసుకోవాలి. తుప్పును తీగ బ్రష్షుతో చువ్వ మెరిసేవరకు గీకాలి. చువ్వ పావు వంతు తరిగిపోయినట్లుంటే పక్కన కొత్త చువ్వ కట్టవలసి వస్తుంది. అది ఎంత లావు, ఎంత పొడవు కలిపి కట్టాలన్నది మేస్త్రి అంచనాకు వదలవద్దు. ఇంజనీరును పిలిపించండి. ఆయనకిచ్చే రుసుము రెండు సిమెంటు పూతల ఖర్చుకంటె తక్కువే అవుతుంది.

శుభ్రం చేసిన చువ్వకు ఆ రోజే రక్షణ పూత వేయాలి. మన తీరపు గాలికి తెల్లవారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. తరువాత రబ్బరు పాల వంటి జిగురు ద్రావకాన్ని సిమెంటులో కలిపి పాత కాంక్రీటుకు పూసి, అది ఆరిపోకముందే, అదే ద్రావకం కలిపిన ఇసుక సిమెంటును నొక్కి పెట్టాలి. మంచి నదీ ఇసుక, త్రాగే నీరు వాడాలి. ఒక్కసారే రెండు అంగుళాలు మెత్తితే దాని బరువుకే అది జారిపోతుంది. అర అంగుళం చొప్పున పొరలుగా వేసి, ప్రతి పొరనూ గీతలు గీసి వదలాలి. "ఒక్క పూటలో అయిపోతుందండీ" అనే మేస్త్రికి ఈ పని ఇవ్వకపోవడమే మేలని మా అభిప్రాయం.

సజ్జలు, బయటికి చొచ్చుకొని ఉన్న వరండా స్లాబుల సంగతి వేరు. గదిపై స్లాబులో బరువు మోసే చువ్వలు అడుగున ఉంటే, సజ్జలో అవి పై భాగాన ఉంటాయి. కింద ఊతం లేకుండా సజ్జ పైభాగాన్ని కొడితే మనిషితో సహా కూలుతుంది. వాన వస్తే పిల్లలు నిలబడేది సజ్జ కిందనే గనుక దానిని చివరకు వదిలివేయకండి.

కొన్ని కప్పులు మరమ్మతుకు లొంగవు. స్లాబు మధ్యలో కిందికి కుంగినట్లు కంటికి తెలుస్తుంటే, గది సగానికి పైగా డొల్లగా పలుకుతుంటే, చువ్వ చేతితో తుంచితే విరుగుతుంటే, ఆ గదిని ఖాళీ చేసి స్లాబును తీయించడం తప్ప దారి లేదు. తండ్రి కట్టిన ఇల్లు అన్న మమకారం ఉంటుంది, కాదనలేము. తాత్కాలికంగా రేకుల పంచలో ఉండవలసి వచ్చినా సరే, స్లాబు కింద మాత్రం ఉండవద్దు. ఒంటరిగా ఉండే వృద్ధులు ఈ మాట వినరు. వారి కుమారులు పట్నం నుండి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పవలసి ఉంటుంది. ఫోనులో చెబితే "బాగానే ఉంది నాయనా" అంటారు.

పని పూర్తయిన చోటును వాడిన సరుకు సంచి మీద వ్రాసినట్లు తడపాలి. కప్పుకు గోనె సంచులు నిలవవు గనుక చేలో మందు కొట్టే డబ్బాతో సన్నగా చల్లితే సరిపోతుంది. అయితే ఆ డబ్బా మందు ఎన్నడూ పోయనిదై ఉండాలి. బాదులు ఎప్పుడు తీయాలో ఇంజనీరును అడిగి తీయండి. తీసిన నాడు మళ్ళీ కర్రతో తట్టి వినండి. కొత్త చోటూ పాత చోటూ ఒకేలా పలకాలి. సున్నం మాత్రం ఒక వానాకాలం గడిచాక వేయించండి. ఆ నాలుగు నెలలు కప్పు మచ్చలు మచ్చలుగా ఉంటే ఉండనివ్వండి. నీరు మళ్ళీ దిగితే ముందుగా చెప్పేది ఆ మచ్చలే.