ఫ్లాండర్సు చిత్తరువులు: వాచ్యము, వ్యంగ్యము

పదములవలన నేరుగా దెలియునది వాచ్యార్థమనియు, దాని వెనుక స్ఫురించునది వ్యంగ్యార్థమనియు మన యాలంకారికులు చెప్పిరి. ఈ భేదము చిత్రకళకును చెల్లును. ఇందులకు నిదర్శనముగా, నేటి బెల్జియము దేశములోని ఫ్లాండర్సు సీమయందు ప్రసిద్ధిగాంచిన జాన్ వాన్ ఐక్ అను చిత్రకారుని చిత్తరువులను రెంటిని మేమిచట పరిశీలింపదలచితిమి.

మొదటిది 1434వ సంవత్సరమున ఓకు పలకపై వ్రాయబడినది. దాని యెత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. అది 1842 నుండి లండనులోని నేషనల్ గ్యాలరీయందున్నది. ఇటలీ దేశపు లుక్కా నగరమునుండి వచ్చి బ్రూజ్ పట్టణమున వ్యాపారము చేసిన ఆర్నోల్ఫీని వంశజుడొకడు, ఎఱ్ఱని తెరల మంచమున్న గదిలో, ఒక వనిత చేతిని తన చేతియందుంచుకొని నిలిచియున్నాడు.

నూనెరంగులను కనిపెట్టినవాడు వాన్ ఐక్ అని పూర్వము చెప్పుచుండెడివారు. అది నిజము కాదు. అంతకు ముందును నూనెలో రంగులు కలుపుట కలదు. ఆతని ప్రజ్ఞ వానిని వాడిన తీరునందున్నది. తెల్లని సుద్దపూతపై పలుచని రంగుపొరల నొకదానిపై నొకటి పూయగా, వెలుతురు పొరలగుండ లోనికి జొచ్చి, తెల్లపూతను దాకి మరలివచ్చును. అందుచేతనే ఆమె యాకుపచ్చని ఉన్నివస్త్రమునకు లోతును, ఇత్తడి దీపపుగుత్తికి నిగ్గును, కుక్కపిల్ల రోమములకు మెత్తదనమును గలిగినవి. గోడమీది ఉబ్బెత్తు అద్దములో గదియంతయు, ద్వారమున నిలిచిన మఱియిద్దరును గనబడుదురు. ఆ యద్దము చుట్టునున్న 10 చిన్ని బిళ్లలపై క్రీస్తు శ్రమల కథ కలదు.

1934లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అను పండితుడు ఈ చిత్రము వివాహపత్రము వంటిదనెను. కుక్క దాంపత్యవిశ్వాసమునకును, పట్టపగలు వెలుగు నొంటిదీపము సర్వసాక్షియగు దైవమునకును, విడిచిన పాదుకలు పవిత్రస్థలమునకును గుర్తులని వివరించెను. బురదవీథులలో దొడిగిన కఱ్ఱపాదుకలను ఇంట విడుచుట మనకు వింత కాదు గదా!

అయితే ఆయన వధువని తలచిన జోవన్నా చెనామి వివాహము 1447లో జరిగినట్లు తరువాత తెలియవచ్చినది. అప్పటికి చిత్రకారుడు మరణించి 6 ఏండ్లయినది! చిత్రములోని వర్తకుడు అదే వంశమున మఱియొకడని లోర్న్ క్యాంప్‌బెల్ 1998లో వాదించెను. ఆ వర్తకుని భార్య కోస్తాన్‌జా ట్రెంటా 1433 ఫిబ్రవరి నాటికే మృతినొందెను. కావున ఇది గతించిన యిల్లాలి జ్ఞాపకచిహ్నమని మార్గరెట్ కోస్టర్ 2003లో సూచించినది. పెండ్లికి సాక్షియనబడిన దీపమే యిట్లు మరణమునకు సూచకమైనది! ఇంతియ కాదు. పరారుణ కిరణములతో పరీక్షింపగా, కుక్కయు, దీపపుగుత్తియు, పాదుకలును అడుగునున్న తొలిగీతలలో లేవని తేలినది. అవి రంగులు వేయునపుడు చేర్చినవే.

ఆమెను గర్భిణి యనుకొన్నవారును బెక్కురు. కుచ్చెళ్లెత్తి పట్టుకొన్నట్లు ఆమె నిండువస్త్రమును ముందునకు బట్టుకొన్నది. అది నాటి వేషము. ఇదే చిత్రకారుడు 1437లో వ్రాసిన కన్యయగు కాథరిన్ పునీతురాలి నడుమును అట్లే యుండును. వధువనియు, గర్భవతియనియు, మృతురాలనియు ముగ్గురు స్త్రీల కథలు ఈ యొక్కతెపై మోపబడినవి. ఆమె పేరుమాత్రము నేటికిని నిర్వివాదముగా దేలలేదు.

రెండవ చిత్తరువు బ్రూజ్ పట్టణములోని గ్రోనింగె మ్యూజియమునందున్నది. అది చిత్రకారుని భార్య మార్గరెట్‌ది. ఇందు దీపము లేదు, కుక్క లేదు, అద్దము లేదు. నల్లని వెనుకభాగము, ఎఱ్ఱని యుడుపు, తెల్లని మేలిముసుగు, తిన్నగా మనవంక జూచు కన్నులు, అంతియ. చట్రముపై ఆమెయే పలుకుచున్నట్లు వ్రాయబడినది: తన భర్త 1439 జూన్ 17వ తేదీన తన్ను పూర్తిచేసెననియు, అప్పటికి తన వయస్సు 33 ఏండ్లనియు. ముఖమున అందమును పెంచలేదు, వయస్సును దాచలేదు. గుర్తులేవియు లేకున్నను, ఇల్లాలిని ఇంత శ్రద్ధతో జూచిన చూపే యిందలి వ్యంగ్యమని మా తలంపు.

కావున సోదరీమణులు ఇట్టి చిత్రములను జూచునపుడు, ముందుగా దీపమును దీపముగను, పాదుకలను పాదుకలుగను, స్త్రీని స్త్రీగను నెమ్మదిగా జూతురుగాక. వాచ్యము కుదురుకొన్న పిమ్మటనే వ్యంగ్యము శోభించును.