ఎవరి ప్రోగ్రాం గట్టిది?

మా తొమ్మిదో తరగతిలో ఇద్దరు మిత్రులు చదరంగం ఆడే రెండు ప్రోగ్రాములకు పోటీ పెట్టారు. ఒకటి కొత్త ఫోనులో, రెండోది పాత ఫోనులో. 10 ఆటల్లో కొత్త ఫోను 6 గెలిచింది, 4 ఓడింది. పాత ఫోను పిల్లవాడు చిన్నబోయాడు. అతని ప్రోగ్రాం నిజంగా బలహీనమైనదేనా?

మన మిరపచేల సంగతి ఆలోచించండి. ఒక వంగడాన్ని తడి అందే నల్లరేగడిలో, మరొకదాన్ని నీరందని మెట్టలో వేశారనుకుందాం. కాపులో తేడా విత్తనానిదా, నేలదా? చెప్పలేం. అందుకే గుంటూరు దగ్గరి లాం వంటి పరిశోధనా స్థానాల్లో వంగడాలను ఒకే నేలలో, ఒకే ఎరువుతో, ఒక్క మడిలో కాక పలు మళ్లలో పెంచి పోలుస్తారు.

ప్రోగ్రాములకూ ఇదే న్యాయం. వేగమైన యంత్రం అంతే సమయంలో ఎక్కువ ఎత్తులను పరిశీలిస్తుంది. కనుక యంత్రం, జ్ఞాపకశక్తి, ఆలోచించే సమయం రెండింటికీ సమానంగా ఉండాలి. తెల్లపావులు ముందు కదులుతాయి గనుక వాటికి కొంత లాభం. అందుచేత ప్రతి ప్రారంభ స్థితి నుంచీ పావులు మార్చి రెండుసార్లు ఆడించాలి. ఒకే ఆట మళ్లీ మళ్లీ రాకుండా ప్రారంభాలు రకరకాలుగా ఉండాలి.

పెద్దల పోటీల్లోనూ ఈ తగాదా వచ్చింది. 2017 డిసెంబరులో ఆల్ఫాజీరో, స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాముల 100 ఆటల ఫలితాన్ని ప్రకటించారు. ఆల్ఫాజీరో 28 గెలిచింది. మిగిలిన 72 డ్రా. కాని యంత్రాలు వేరు. పైగా ఎత్తుకు ఒక్క నిమిషం చొప్పున ఇవ్వడంతో, ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించాలో నిర్ణయించుకొనే స్టాక్‌ఫిష్ నేర్పు వృథా అయిందని నిపుణులు ఆక్షేపించారు. ఆటకు 3 గంటల గడియారం పెట్టి ఆడించిన 1000 ఆటల ఫలితం 2018లో వెలువడింది. ఆల్ఫాజీరో 155 గెలిచి, 6 ఓడింది. యంత్రాలు మాత్రం అప్పుడూ వేరువేరే. ఆధిక్యం నిలిచింది, కాని "ఓటమే లేదు" అన్న మాట నిలవలేదు.

ఇక 10 ఆటలు చాలవా? ఒక నాణేన్ని 10 సార్లు ఎగరవేయండి. బొమ్మ 6 లేక అంతకు మించి పడే అవకాశం 1024లో 386. అంటే సమఉజ్జీల మధ్య కూడా ఒకరికి 6 గెలుపులు రావడం వింత కాదు. అదే 1000 సార్లు వేస్తే 600 బొమ్మలు పడటం దాదాపు అసంభవం.

చిన్నబోయిన పిల్లవాడితో నేను ఇదే చెప్పాను: "ఓడింది నీ ప్రోగ్రామో, నీ ఫోనో ఇంకా తేలలేదు. రెండు ప్రోగ్రాములనూ ఒకే రకం ఫోన్లలో పెట్టి, పావులు మార్చి, వందల ఆటలు ఆడించు. అప్పుడు ఓడితే ఒప్పుకో."