గోదావరి లాంచీలో మా భోజనం

మొన్నటి జనవరిలో కౌడిపల్లి నుండి మేము నాలుగు కుటుంబాలవారము పాపికొండలు చూడబోయాము. భద్రాచలం మీదుగా పోచవరం చేరి లాంచీ ఎక్కాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద బోటు మునిగి ఎందరో చనిపోయిన సంగతి మాలో ఎవరమూ మరువలేదు. పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు కట్టేదాకా మా పెద్దమ్మ ఒడ్డు విడువలేదు. ప్రార్థన చేసుకొని ఎక్కాము.

మధ్యాహ్నం లాంచీలో అన్నం, పప్పు, సాంబారు, పెరుగు పెట్టారు. గోదావరి గాలికి ఆకలి రెట్టింపై అడిగి వడ్డించుకున్నాము. అసలు విందు మాత్రం పేరంటాలపల్లి వద్ద ఒడ్డు దిగినప్పుడు దొరికింది. ఉప్పు, కారం, మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు, బొంగులోని తడికే ముక్క మెత్తగా ఉడుకుతుంది. జొన్నరొట్టె ఉంటే ఇంకా బాగుండేదని మాకనిపించింది!

ధర విని మేము బేరానికి దిగితే పెద్దమ్మ వారించింది. "కరువుల మన మెదక్ గుడి కట్టేటప్పుడు మా తాత కూలి చేసి బువ్వ తిన్నడు బిడ్డా. పొద్దుగాల్నుంచి పొగల కూసున్నోళ్ల కూలి కొయ్యకుండ్రి" అన్నది. 1924లో ప్రతిష్ఠించిన ఆ దేవాలయం కథ మేము చిన్ననాటి నుండి విన్నదే. అడిగినంతా ఇచ్చాము.

ఖాళీ బొంగు ఒకటి ఆమె కౌడిపల్లి దాకా ఒళ్లో పెట్టుకొని వచ్చింది.