చుక్కే కదా అని వదిలేస్తే...

పొలంలో ఇంజన్ అడుగున నూనె చుక్కలు పడుతున్నాయా? 'ఇంకో పంట చూద్దాంలే' అనుకుంటున్నారా? వంతు రోజున ఆ చుక్కే చేనును ఎండబెట్టొచ్చు. ప్యాకింగు మార్చడం వెనక ఉన్న కథేంటో చూద్దాం రండి!

దాళ్వా రోజుల్లో రాత్రిపూట రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు వెళితే చేలగట్ల మీద నుంచి ఓ చప్పుడు వినిపిస్తుంది. డుగ్... డుగ్... డుగ్...! ఆయిల్ ఇంజన్ అది. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపూ గట్టుమీద రైతుకి కాస్త కునుకు పడుతుంది. ఆగిందో... ఉలిక్కిపడి లేస్తాడు. అది ఆగడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. అట్టముక్కంత మందం కూడా లేని ఓ పల్చటి రేకు పాడైతే చాలు. దాని పేరే గ్యాస్కెట్. మన మెకానిక్కుల మాటలో 'ప్యాకింగు'.

శివారు చేను కష్టం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ కోనసీమ పంటలకు కాలువే ఆధారం. రాజోలు దీవికైతే ఆ నీళ్లు పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయను అక్విడక్టు మీదుగా దాటి రావాలి. ఎండలు ముదిరి గోదావరిలో నీరు తగ్గితే వంతులు పెడతారు. తీరా వంతు వచ్చాక కాలువలో నీళ్లున్నా, మట్టం తక్కువై బోదెలోకి ఎక్కవు. ఇక ఇంజన్ పెట్టి తోడుకోవడమే. కరెంటు మోటార్లు వచ్చినా తీగ చేరని గట్లమీద నేటికీ డీజిల్ ఇంజనే దిక్కు. సార్వాలో ముంపు వస్తే అదే ఇంజన్ తిరగబడి పనిచేస్తుంది... చేలో నీటిని మురుగు కాలువలోకి తోడుతుంది!

వరి పొట్టమీదున్నప్పుడు నీరందకపోతే గింజ తాలవుతుంది. ఆ వంతు తప్పితే మళ్లీ వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. అసలే వరిలో మిగిలేది అంతంతమాత్రం. గిట్టుబాటు కావడం లేదంటూ 2011 సార్వాలో ఇక్కడి రైతులు నాట్లు మానేసి 'క్రాప్ హాలిడే' ప్రకటించిన సంగతి దేశమంతా చూసింది. అలాంటి సేద్యంలో ఇంజన్ బోరుకొస్తే ఆ ఖర్చు ఎక్కడినుంచి తేవాలి?

రేకు చిన్నది... పని పెద్దది

ఇంజన్ అంటే రెండు మూడు పెద్ద పోత ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి బోల్టులతో బిగించిన యంత్రం. ఇనుముమీద ఇనుము ఎంత బిగించినా మధ్యలో కంటికి కనపడని సందులుంటాయి. వాటిని పూడ్చేదే ప్యాకింగు. అన్నిటికంటే కష్టమైన చోటు సిలిండర్‌కీ, పైనున్న హెడ్‌కీ మధ్య. అక్కడ ఒకే రేకు మండే వాయువునీ, చల్లబరిచే నీటినీ, నూనెనీ దేనికదే దారిలో ఉంచాలి.

80 మిల్లీమీటర్ల సిలిండర్ ఉన్న 5 హార్స్ పవర్ ఇంజన్‌నే తీసుకోండి. డీజిల్ మండినప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి 60 రెట్ల దాకా పెరుగుతుంది. అంటే హెడ్‌ను పైకి నెట్టే బలం సుమారు 3 టన్నులు! నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఈ దెబ్బ నిమిషానికి 750 సార్లు పడుతుంది. ఇన్ని దెబ్బలకూ కదలకుండా ఉండాల్సిన రేకు ఏదో ఓ రోజు అలిసిపోతుంది. అందులో వింతేముంది?

కింది భాగంలో నూనె తొట్టికీ, పక్క మూతలకీ ఉండే ప్యాకింగులకు ఇంత ఒత్తిడి ఉండదు. కాబట్టే అక్కడ లీకును ఎవరూ పట్టించుకోరు. కానీ ఓ లెక్క చూడండి. సెకనుకో చుక్క చొప్పున కారితే గంటకు సుమారు 180 మిల్లీలీటర్లు. రాత్రి ఎనిమిది గంటలు ఇంజన్ నడిచేసరికి లీటరున్నర దగ్గర పడుతుంది! తొట్టిలో పట్టేదే మూడు, మూడున్నర లీటర్లయితే తెల్లారేసరికి సగం ఖాళీ. నూనె అందని బేరింగులు అరిగి, వేడెక్కి పట్టేస్తాయి. ప్యాకింగుతో పోయేది క్రాంకుదాకా వెళుతుంది.

ముందు జబ్బేంటో తెలియాలి

నూనె కనపడగానే ఇంజన్ విప్పేయడం తొందరపాటు. పైన ఎక్కడో కారిన నూనె పక్కల వెంట జారి అడుగున చుక్కగా పడుతుంది. మనం అడుగునే పట్టుకుని కూర్చుంటాం! ఇంజన్‌ను కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక అతుకుల వెంట కాస్త ముగ్గుపిండి చల్లండి. పది నిమిషాలు నడిపితే ముందు ఎక్కడ తడిసిందో అక్కడే లీకు. తిరిగే చక్రం, బెల్టు దగ్గరకు మాత్రం చెయ్యి పోనివ్వకూడదు సుమా!

ఒక్కోసారి ప్యాకింగులో ఏ లోపమూ ఉండదు. ఇంజన్‌కి ఊపిరి వదిలే 'బ్రీదర్' అనే చిన్న గొట్టం ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే లోపల గాలి బిగిసి నూనెను అతుకుల్లోంచి బయటకు తోస్తుంది. నూనె గీత దాటి పోసినా చిక్కే. ఈ రెండూ చూడకుండా కొత్త ప్యాకింగు వేస్తే వారం తిరక్కుండానే మళ్లీ మొదటికి వస్తుంది.

హెడ్ ప్యాకింగు పోతే గుర్తులు వేరు. హ్యాండిల్ తిప్పుతుంటే బిగువు ఉండదు. హెడ్ పక్కనుంచి 'ఫట్ ఫట్'మని గాలి కొడుతుంది, అక్కడ మసి చార కనిపిస్తుంది. చల్లబరిచే నీటిలో బుడగలు వస్తాయి. తొట్టిలో నూనె పాలు కలిపిన టీలా మారిందంటే నీళ్లు దిగినట్టే. ఆ నూనెతో ఒక్క నిమిషం కూడా నడపకూడదు.

విప్పడం సులువే... బిగించడమే విద్య

ఇంజన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి వేయాలి. నీళ్లు, నూనె వంచేసి, డీజిల్ గొట్టాలు తీసి, హెడ్ బోల్టుల్ని ఒక్కసారిగా కాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. హెడ్ రాకపోతే చెక్కతో తట్టాలి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ఇనుముమీద గీత పడుతుంది. ఆ గీతే రేపటి లీకు!

అసలు పని ఇక్కడే మొదలు. రెండు ముఖాలమీదా అంటుకున్న పాత ప్యాకింగు ముక్కలన్నీ పోవాలి. సిలిండర్‌లో శుభ్రమైన గుడ్డ కుక్కి, ఇత్తడి ముక్కతో మెల్లగా గీకాలి. ఎమరీ కాగితం పొడి లోపల పడితే రింగులు అరుగుతాయి. పాత రకం ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. కాబట్టి పొడిగా గీకకుండా తడిపి తీయాలి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. తర్వాత తిన్నటి ఇనుప స్కేలు అడ్డంపెట్టి చూస్తే హెడ్ వంగిందో లేదో తెలిసిపోతుంది. వంగితే లేతు షాపుకి పంపాల్సిందే. వంగిన హెడ్ కింద ఎంత ఖరీదైన ప్యాకింగు వేసినా దండగే.

మూతల ప్యాకింగుల్ని మెకానిక్కులు షీటు పరిచి, అంచుల వెంట సుత్తితో చిన్నగా తట్టి తామే కోసుకుంటారు. చూడముచ్చటైన పనితనం! హెడ్‌కి మాత్రం కంపెనీ చెప్పిన మందమే వేయాలి. మందం మారితే పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య ఖాళీ మారిపోతుంది. ఆ ఖాళీని పిస్టన్ మీద సీసపు తీగ పెట్టి, హెడ్ బిగించి, చేత్తో ఓ చుట్టు తిప్పి, నలిగిన తీగ మందాన్ని బట్టి కొలుస్తారు. ఒకసారి నలిగిన ప్యాకింగును మళ్లీ వాడటం కూడా తప్పే.

బిగింపు ఎదురెదురుగా, మూడు విడతల్లో జరగాలి. ఎంత బలంతో అన్నది చేతి అంచనాకి వదలకుండా టార్క్ రెంచితో చూస్తే మంచిది. తొట్టి రేకుది అయితే మరీ బిగించకూడదు... వంగిపోతుంది. ఆపైన ట్యాపెట్ సందు సరిచూడాలి. కాసేపు నడిపి, చల్లారాక బోల్టులు మరోసారి చూడమని చాలా ఇంజన్ల పుస్తకాలు చెబుతాయి. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే!

అమెరికా పెరట్లోనూ ఇదే గోల

కోనసీమ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలెన్నో. అక్కడ ఇంటి చుట్టూ ఎకరం పచ్చిక ఉంటే కూర్చుని నడిపే కోత బండి వాడతారు. అందులో చాలావాటికి ఇంజన్ ఇరుసు నిలువుగా ఉంటుంది, నూనె తొట్టి సరిగ్గా అడుగున! దాని ప్యాకింగు మార్చాలంటే బెల్టులు, కప్పీలు తీసి ఇంజన్‌నే బండిమీద నుంచి దించాలి. కొన్ని రకాల్లో ఇరుసు ఆడే సందు కూడా ఆ ప్యాకింగు మందంమీదే ఆధారపడుతుంది. నాన్న పొలంలో, కొడుకు పెరట్లో... సూత్రం ఒక్కటే. ముఖాలు శుభ్రం, మందం సరి, బిగింపు సమం.

తేడా ఏమిటంటే, అక్కడ లీకైతే గడ్డి పెరుగుతుంది. ఇక్కడ పంట పోతుంది. పైగా గట్టుమీద కారిన నూనె చేరేది కాలువలోకే. ఆ కాలువ నీళ్లే చెరువులకెక్కి కోనసీమ పల్లెల దాహం తీరుస్తాయి. వంచేసిన పాత నూనెను డబ్బాలో పట్టి ఉంచాలే తప్ప బోదెలో పారబోయకూడదు.

అందుకే సార్వా కోతలయ్యాక, దాళ్వా నాట్లకు ముందు దొరికే నాలుగు రోజుల్లో ఇంజన్‌ను ఓసారి కడిగి చూసుకోండి. వంతు వచ్చాక అర్ధరాత్రి మెకానిక్ కోసం పరుగెత్తే కంటే, పనిలేని రోజున పట్టపగలు నిదానంగా బిగించిన ప్యాకింగే పంటంతా నిలబడుతుంది.