కదలికను కనిపెట్టే కన్ను

నిర్జనమైన తరగతి గదిలో దీపాలు వెలుగుతూ, పంకాలు తిరుగుతూ ఉండడం మన పాఠశాలలలో అపూర్వదృశ్యం కాదు. మధ్యాహ్నపు గంట మ్రోగినంతనే విద్యార్థులు వెలుపలికి పరుగు తీస్తారు. స్విచ్చి సంగతి ఎవరికీ జ్ఞప్తి ఉండదు. ఈ మరపును సవరించడానికే సెన్సారూ టైమరూ అవతరించాయి.

కదలికను గుర్తించే ఈ సెన్సారుకు చూపు లేదు. వేడిని పసికట్టే గుణం మాత్రమే ఉన్నది. 1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు ఆవల ఏ వెలుగూ కానరాని చోట సైతం ఉష్ణమాపకం పైకెక్కడం గమనించాడు. ఆ పరారుణ కిరణాలను మన దేహమూ నిరంతరం వెదజల్లుతున్నది. ఉష్ణోగ్రత మారినప్పుడు కొన్ని స్ఫటికాలలో విద్యుదావేశం పుడుతుంది. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణానికి పైరోఎలక్ట్రిసిటీ అని నామకరణం చేశాడు. సెన్సారులో ఇట్టి గ్రాహకాలు రెండు పరస్పర విరుద్ధంగా కలుపబడి ఉంటాయి. మనిషి నడచినప్పుడు వేడి మొదట ఒకదానిపైనా, పిదప రెండవదానిపైనా పడుతుంది. ఆ భేదమే దీపాన్ని వెలిగిస్తుంది. కదలిక నిలిచి, నియమిత కాలం గడచిన తరువాత ఆర్పివేయడం టైమరు పని.

ఇందువల్ల లాభమెంత? 75 వాట్ల పంకాలు 4, 20 వాట్ల దీపాలు 6 ఉన్న గది గంటకు 0.42 యూనిట్లు వాడుతుంది. దినానికొక గంట వృథాను అరికట్టితే 220 పనిదినాలకు 92 యూనిట్లు మిగులుతాయి. సెన్సారు తానే రేయింబవళ్లు ఒక వాటు చొప్పున వాడుకొన్నా ఏడాదికి దాదాపు 9 యూనిట్లే గదా!

అయితే రెండు లోపాలు కలవు. మండువేసవిలో గోడల వేడి దేహపు వేడిని సమీపించినప్పుడు భేదం తగ్గి, గుర్తింపు మందగిస్తుంది. పంకా అత్యవసరమైన వేళ అదే! ఇక రెండవది మరింత విచిత్రం. లెక్క ముందు చెంపకు చేయి చేర్చి, నిశ్చలంగా ఆలోచించే విద్యార్థి ఆ యంత్రం దృష్టిలో లేనివాడే. అల్లరి చేసేవానికి వెలుగు, ఏకాగ్రచిత్తునికి చీకటి!

కావున వరండాలకూ, మెట్లదారులకూ ఈ సాధనం మిక్కిలి తగినది. పఠనమందిరంలో టైమరును 2 నిమిషాలకు గాక 20 నిమిషాలకు అమర్చవలెను. చేతితో వేసుకొనే స్విచ్చిని తొలగించరాదు. గదిని కడపట విడిచే విద్యార్థి ఆ స్విచ్చిని తానే ఆపడం నేర్చుకొంటే, అందుకు ఒక్క వాటు కూడా ఖర్చు కాదు.