మాట ఎగువ నుంచి దిగువకేనా?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ అంకె టీవీల్లో, ఫోన్లలో దేశమంతా తిరిగింది. దిగువన కూనవరం, వీఆర్‌పురం పల్లెల్లో శబరి ఎగపోటుకు ఏ దారి ఎప్పుడు మునుగుతుందో అక్కడి కోయ రైతుకు తెలుసు. అతని లెక్క పైకి చేరే దారే సన్నం.

పేద దేశాల గురించి పెద్ద దేశాల పండితులు రాసిన సమాచార సిద్ధాంతాలను ఈ అడవి అంచున కూర్చుని చదవాలి. 1958లో డేనియల్ లెర్నర్, 1964లో విల్బర్ ష్రామ్ చెప్పిన దాని సారం ఒక్కటే: రేడియోలు, పత్రికలు, సినిమాలు పెరిగితే జనం పాత కట్టుబాట్లు వదిలి అభివృద్ధి బాట పడతారు. ఈ ఆలోచనలో పల్లె పని వినడం, నేర్చుకోవడం. చెప్పేవాళ్లు వేరే. మన దేశం దాన్ని మనసారా నమ్మింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు సాగు, ఆరోగ్యం, చదువు పాఠాలు టీవీలో ప్రసారమయ్యాయి. ఆ ప్రసార భాషల్లో తెలుగూ ఉంది. గడువు తీరగానే అమెరికా తన ఉపగ్రహాన్ని తీసుకుపోయింది.

ఇలాంటి ఆధారపడటాన్ని అంతకుముందే, 1969లో, పండితుడు హెర్బర్ట్ షిల్లర్ ఎండగట్టాడు. వార్తలు, సినిమాలు, ప్రకటనల రూపంలో సామ్రాజ్యం తిరిగొస్తోందన్నాడు. 1976 జులైలో అలీన దేశాలు ఢిల్లీలో సమావేశమై, నాలుగైదు పాశ్చాత్య ఏజెన్సీల పెత్తనం తప్పించుకునేందుకు సొంత వార్తా కూటమి కట్టాయి. 1980లో యునెస్కోకు అందిన మెక్‌బ్రైడ్ సంఘం నివేదిక ఆ కోరికకు అక్షరరూపం. మన పాత్రికేయుడు బి.జి. వర్గీస్ కూడా ఆ సంఘ సభ్యుడే.

నన్ను కలవరపెట్టేది ఆ 1976 జులైయే. ప్రపంచ వేదిక మీద పేదల గొంతు కోసం మాట్లాడిన ఢిల్లీలోనే అప్పుడు ఎమర్జెన్సీ. పత్రికల మీద సెన్సార్. దేశాల మధ్య న్యాయం అడిగినవాళ్లు దేశం లోపల దాన్ని ఇవ్వలేదు. న్యూయార్క్‌కు ఢిల్లీ ఎంత దూరమో, హైదరాబాద్‌కు భద్రాచలం పక్కనున్న దుమ్ముగూడెం అంతే దూరంగా ఉండిపోయింది.

కోయ మాతృభాషగా చెప్పినవారు 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైనే. ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు. నిర్ణయాల్లోనూ అంతే: 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపే నిర్ణయం ఢిల్లీ నుంచే దిగింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, ఆనుకుని ఉన్న ఎటపాక అవతలికి పోయింది. పత్రికల జిల్లా పేజీలు జిల్లా సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి కాబట్టి, ఒకే నది ముంచే పొరుగూళ్లు ఒకరి కష్టం మరొకరు చదువుకునే వీలు కూడా తగ్గిపోయింది.

ఇక్కడి జనానికి చెప్పడం రాదని కాదు. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల చరిత్రను కోయలోనూ తెలుగులోనూ పాడారు. 2022లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఇలాంటి కళలను మన ప్రభుత్వ శాఖలు కుటుంబ నియంత్రణ లాంటి ప్రచారాలకు వాహనంగానే వాడుకోవాలని చూశాయి. వాటిలోని చరిత్రను వినాలని తోచకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌదరి బృందం సీజీనెట్ స్వర మొదలుపెట్టింది. మామూలు ఫోన్ నుంచి ఎవరైనా డయల్ చేసి రాని జీతం గురించో, చెడిపోయిన బోరింగు గురించో తన నోటితో చెబితే, సరిచూసి నలుగురికీ వినిపిస్తారు. గోండీలోనూ చెప్పవచ్చు. జహీరాబాద్ దగ్గర 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంగం రేడియో తెలంగాణ నేల మీదే ఉంది.

అలాంటి దారి ఇక్కడా కావాలి. భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ)లో సోమవారం గిరిజన దర్బార్‌కు వచ్చేవాళ్లు తెలుగులో, తరచూ ఇంకొకరితో రాయించిన కాగితంతో నిలబడతారు. అర్జీని కోయలోనే చెప్పనిచ్చి, ఆ మాటనే రికార్డు చేసి, ఏ అధికారి ఏం చేశాడో అదే భాషలో వాళ్ల ఫోన్‌కు తిరిగి చెప్పాలి. దీనికి అమెరికా ఉపగ్రహం అక్కర్లేదు. కోయ తెలిసిన, చదువుకున్న యువకులను జీతమిచ్చి కూర్చోబెట్టడం ఐటీడీఏ చేయగల పనే. వచ్చే వరదల లోపే మొదలుపెట్టాలి.